డెబ్బై పాయింట్ల ఆధిక్యంలో కూడా ఫుల్ కోర్ట్ ప్రెస్ చేయించడం న్యాయమేనా?

ప్లేనో నాన్న | శుక్రవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. మేము డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ ఏడాదే హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరికింది. మంగళవారం జరిగిన మ్యాచ్ గురించి ఇక్కడి పెద్దల అభిప్రాయం కావాలి.

ఎదుటివాళ్లది చాలా చిన్న స్కూలు. రెండో క్వార్టర్ సగంలోనే ఆట తేలిపోయింది. చివరికి మా పిల్లలు డెబ్బైకి పైగా తేడాతో గెలిచారు. గెలిచినందుకు కాదు నా బాధ. నాలుగో క్వార్టర్‌లో కూడా కోచ్ ఫుల్ కోర్ట్ ప్రెస్, అంటే ఎదుటివాళ్లు బంతి లోపలికి వేసే చోటు నుంచే కోర్టు పొడవునా వాళ్లను అంటిపెట్టుకుని అడ్డుకోవడం, ఆపలేదు. ఎదుటి జట్టులో ఒక అమ్మాయి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) అవతల బంతి పట్టుకుని నిలబడింది. లోపలున్న నలుగురినీ మావాళ్లు అంటిపెట్టుకుని ఉన్నారు. రిఫరీ చెయ్యి ఊపుతూ సెకన్లు లెక్కపెడుతున్నాడు. ఆ పిల్ల ఒకసారి కుడివైపు విసరబోయి ఆగింది, ఎడమవైపు తిరిగి ఆగింది. బంతి లోపలికి వేయడానికి ఉన్న ఐదు సెకన్లు అయిపోయాయి. విజిల్. బంతి మాకు. లేఅప్, బుట్ట దగ్గరికి వెళ్లి వేసే సులువైన షాట్. మళ్లీ బంతి లోపలికి వేయాల్సింది ఆ పిల్లే. మా వైపు తల్లిదండ్రులు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి తను ఎన్నిసార్లు బంతి లాక్కుందో సంబరంగా చెప్పింది. మెచ్చుకోవాలా, కూర్చోబెట్టి మాట్లాడాలా? సోమవారం తల్లిదండ్రులతో కోచ్ సమావేశం ఉంది. అక్కడ ఈ మాట ఎత్తడం సబబేనా? ఆట తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు పాయింట్‌గార్డ్ | శుక్రవారం, రాత్రి 11:20

మీ అమ్మాయిని మనసారా మెచ్చుకోండి. నేను జిల్లా జట్టుకు ఆడినవాణ్ని, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎదుటివాళ్లను చూసి జాలిపడి ఆట తగ్గించుకోవడమే అసలైన అవమానం. 'మీరు మాతో ఆడే స్థాయిలో లేరు' అని మొహం మీద చెప్పినట్టే కదా? పరుగుపందెంలో ముందున్నవాణ్ని వెనక్కి తిరిగి చూసి నెమ్మదించమని ఎవరూ అడగరు. చివరి విజిల్ దాకా ఒళ్లు దాచుకోకుండా ఆడాలని మా కోచ్ నేర్పారు. పిల్లలకు ఒక రోజు పూర్తిగా ఆడమని, మరో రోజు సగం ఆడమని చెబితే వాళ్లకు ఏ అలవాటు మిగులుతుంది?

కోర్టు పక్కన | శనివారం, ఉదయం 7:05

ప్లేనో నాన్న గారూ, ఈ ప్రశ్న మీ ఊళ్లోనే ఒకసారి దేశమంతా మాట్లాడుకునేంత పెద్దదైంది. నేను అప్పటికే డాలస్‌లో ఉన్నాను కాబట్టి బాగా గుర్తుంది.

2009 జనవరి 13న కవనెంట్ స్కూల్ అమ్మాయిల జట్టు డాలస్ అకాడమీ అమ్మాయిల జట్టును 100–0తో ఓడించింది. సున్నా అంటే సున్నాయే, ఒక్క ఫ్రీత్రో కూడా పడలేదు. సగం ఆట అయ్యేసరికి 59–0. డాలస్ అకాడమీ డిస్లెక్సియా, ఏకాగ్రత సమస్యలు ఉన్న పిల్లల కోసం నడిచే స్కూలు. హైస్కూల్లో మొత్తం అమ్మాయిలే ఇరవై మంది దాకా ఉంటే అందులో ఎనిమిది మంది జట్టులో ఉన్నారు. అంతకుముందు నాలుగు సీజన్లుగా ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా ప్రతి ఏడాదీ జట్టు కట్టి ఆడుతూనే ఉన్నారు. నాకు ఆ కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది అదే.

మ్యాచ్ తర్వాత కొద్ది రోజులకు గెలిచిన స్కూలే బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అది గౌరవం లేని గెలుపని, ఆ మ్యాచ్‌ను వదులుకుంటామని ప్రకటించింది. కవనెంట్ కోచ్ మాత్రం ఆ క్షమాపణతో ఏకీభవించనని, తన పిల్లలు సిగ్గుపడాల్సిన పని చేయలేదని రాశాడు. ఆ తర్వాత ఆయన ఉద్యోగం పోయింది. డాలస్ మావెరిక్స్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు అప్పటి యజమాని మార్క్ క్యూబన్ ఓడిన అమ్మాయిలను తన జట్టు ఆట చూడటానికి పిలిచాడు.

ఆ రోజు నాలుగో క్వార్టర్‌లో కవనెంట్ చేసింది 12 పాయింట్లే. ఆ అంకె ఒక్కటే చూస్తే తగ్గి ఆడారనిపిస్తుంది. కానీ నూరు దగ్గరపడుతున్న కొద్దీ చూసేవాళ్లు కేకలు పెట్టి ఉత్సాహపరిచారని, నూరు చేరాకే జోరు తగ్గిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ కేకలే నాకు ఇప్పటికీ మింగుడుపడవు. నూరు అనే సంఖ్య కోసం ఎనిమిది మంది పిల్లల్ని మెట్లు చేసుకున్నారు. మీరు రాసిన చప్పట్లు చదవగానే ఇదంతా గుర్తొచ్చింది.

గుంటూరు పాయింట్‌గార్డ్ | శనివారం, ఉదయం 9:31

కోర్టు పక్కన గారూ, ఆ ఉదంతం నాకూ తెలుసు. అందులో నాకు నచ్చనిది స్కూలు చేసిన ప్రకటన. క్షమాపణ చెప్పాలనుకుంటే కోచ్, ప్రిన్సిపాల్ ఇద్దరూ ఆ స్కూలుకు వెళ్లి చెప్పి రావచ్చు. ప్రపంచానికంతా 'ఇది సిగ్గుచేటు' అని ప్రకటిస్తే ఆ సిగ్గు ఎవరి మీద పడింది? పదిహేను, పదహారేళ్ల అమ్మాయిల మీద. వాళ్లు కోచ్ చెప్పినట్టు ఆడారు. తెల్లారేసరికి దేశం దృష్టిలో దుర్మార్గులయ్యారు. ఓడిన పిల్లల గురించి అందరూ మాట్లాడారు, గెలిచిన పిల్లల గురించి ఎవరైనా ఆలోచించారా?

ఎడిసన్ రిఫరీ | శనివారం, మధ్యాహ్నం 12:14

నేను న్యూజెర్సీలో స్కూలు మ్యాచ్‌లకు రిఫరీగా చేస్తాను. వారాంతాల్లో ఎక్కువగా ఇలాంటి ఆటల మధ్యే విజిల్ పట్టుకుని ఉంటాను కాబట్టి కోర్టు లోపలి నుంచి చూసింది రాస్తాను.

'పూర్తిగా ఆడటం', 'ఆట తగ్గించడం' అని రెండే దారులున్నట్టు పైన మాట్లాడుతున్నారు. ఆ రెంటికీ మధ్య చాలా చోటు ఉంది, మంచి కోచ్‌లు అక్కడే పనిచేస్తారు. తేడా ఇరవై, పాతిక దాటగానే ముందుగా ప్రెస్ తీసేస్తారు. బంతి లోపలికి వేయనిస్తారు, సగం గీత దాటనిస్తారు. డిఫెన్స్‌ను త్రీపాయింట్ గీత లోపలికి లాగి జోన్ ఆడిస్తారు, అంటే ఒక్కొక్కరు ఒక మనిషిని కాక ఒక చోటును కాపాడతారు. చేతిలో ఉన్న బంతిని లాక్కోవద్దు, షాట్‌కు మాత్రం చెయ్యి ఎత్తండి అంటారు. బంతి దొరికినా ఫాస్ట్ బ్రేక్‌కు, అంటే ఎదుటివాళ్లు సర్దుకోకముందే దాడికి, పరుగెత్తనివ్వరు. నడిచి వచ్చి, ఎత్తుగడ పేరు పిలిచి, ఐదుగురి చేతులూ దాటాకే షాట్ వేయమంటారు. కుడిచేతి వాటం పిల్లల్ని ఎడమ చేత్తోనే ముగించమంటారు. ఇందులో ఏదీ ఆట తగ్గించడం కాదు. వాళ్ల పిల్లలు అలవాటు లేని చేత్తో లేఅప్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. పైగా ఇదేదీ చూసేవాళ్లకు కనిపించదు. కనిపించకపోవడమే ముఖ్యం.

ప్రెస్ సంగతి వేరు. ప్రెస్ ఉన్నది ఎదుటి జట్టును ఆట మొదలుపెట్టనివ్వకుండా చేయడానికి. గట్టి జట్టు మీద అది ఎత్తుగడ, ఎందుకంటే వాళ్లు దాన్ని ఛేదిస్తే మన బుట్ట దగ్గర మనవాళ్లు ఎవరూ ఉండరు, సులువుగా పాయింట్లు ఇచ్చుకుంటాం. ఛేదించలేని జట్టు మీద అందులో ఆ ప్రమాదమే ఉండదు. ప్రమాదం లేని చోట ఎత్తుగడ ఏముంది? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అదే ఇది. బేస్‌లైన్ దగ్గర చెయ్యి ఊపుతూ లెక్కపెట్టేది నేనే కాబట్టి ఆ పిల్లల మొహాలు నాకు మూడడుగుల దూరంలో ఉంటాయి. నాలుగు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు బంతి ఎవరికి వేయాలని వెతకడం మానేసి నా చేతి వంక చూస్తారు. అప్పుడు ఆ పిల్ల ఆడుతున్నది బాస్కెట్‌బాల్ కాదు, లెక్క ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూడటం.

గుంటూరు పాయింట్‌గార్డ్ | శనివారం, మధ్యాహ్నం 1:02

ఎడిసన్ రిఫరీ గారు ప్రెస్ గురించి చెప్పిన మాట ఒప్పుకోవాల్సిందే. ఛేదించే శక్తి లేనివాళ్ల మీద ప్రెస్ చేస్తే మన పిల్లలు కూడా చెడు అలవాట్లే నేర్చుకుంటారు, స్థానం వదిలేసి బంతి వెంట పరుగెత్తుతారు. తర్వాతి వారం గట్టి జట్టు ఎదురైతే ఆ ఖాళీల్లోంచే దెబ్బతింటారు. అంతవరకు సరే. షాట్లు వేయడం మానేయమంటే మాత్రం నేను ఒప్పుకోను.

విశాఖ గణాంకాలు | శనివారం, సాయంత్రం 4:40

ఇది ఈనాటి జబ్బు కాదు. అమెరికా హైస్కూల్ రికార్డుల పుస్తకంలో పై వరుసలో ఉన్న పేర్లలో చాలావరకు ఇలాంటి ఏకపక్ష ఆటల్లోంచే వచ్చాయి.

1960 జనవరిలో వెస్ట్ వర్జీనియాలోని బర్న్స్‌విల్‌లో డానీ హీటర్ అనే కుర్రాడు ఒక్కడే 135 పాయింట్లు చేశాడు. జట్టు స్కోరు 173–43. ఆ మారుమూల ఊరికి కాలేజీలవాళ్లు ఎవరూ వచ్చి చూడరు, పెద్ద అంకె కనబడితేనైనా స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ల దృష్టి పడుతుందని అతని కోచ్ పనిగట్టుకుని అలా ఆడించాడు. పేద కుటుంబం. ఆ కోచ్‌ను తిట్టాలంటే నాకు నోరు రాదు.

1982లో కాలిఫోర్నియాలో షెరిల్ మిల్లర్ 105 పాయింట్లు చేసింది, జట్టు స్కోరు 179–15. 1990లో లీసా లెస్లీ మొదటి సగంలోనే 101 చేసింది. ఇంకో ఐదు చేస్తే మిల్లర్ రికార్డు బద్దలయ్యేది. ఎదుటి జట్టు రెండో సగానికి కోర్టులోకి రాలేదు, ఆట అక్కడితో ఆగిపోయింది. 2006లో న్యూయార్క్‌లో ఎపిఫనీ ప్రిన్స్ 113తో మిల్లర్‌ను దాటింది, ఆ రోజు స్కోరు 137–32.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది లెస్లీ ఆట. ఆమె తర్వాత ప్రపంచమే మెచ్చిన క్రీడాకారిణి అయింది, నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. ఆ గొప్పతనానికి 101 అంకె ఏమీ చేర్చలేదు. కానీ ఆ సాయంత్రం ఎదురుగా నిలబడిన పిల్లలకు బాస్కెట్‌బాల్ అంటే గుర్తుండేది బహుశా ఆ సగం ఆటే. అన్నట్టు, లెస్లీ కాలేజీలో చివరి ఏడాది ఆడినప్పుడు ఆమె కోచ్ షెరిల్ మిల్లరే.

ఇర్వింగ్ అమ్మ | శనివారం, రాత్రి 8:17

ఇంతవరకు రాసినవాళ్లంతా గెలిచే జట్టు వైపు నుంచో, బయటి నుంచో చూస్తున్నారు. మా అమ్మాయి ఎప్పుడూ ఓడిపోయే జట్టులో ఆడుతుంది. అందుకని రాస్తున్నాను.

పెద్ద తేడాతో ఓడి వచ్చిన రోజుల్లో మా అమ్మాయి స్కోరు గురించి ఏడవడం నేను చూడలేదు. కారులో కూర్చోగానే తను వేసిన ఒక్క షాట్ గురించి మాట్లాడుతుంది, లేదా ఫలానా అమ్మాయిని బాగా అడ్డుకున్నానని చెబుతుంది. వాళ్లకు లెక్క మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత వాళ్ల ఆట వాళ్లు వేరే పెట్టుకుంటారు, ఈ క్వార్టర్‌లో పది పాయింట్లు చేద్దాం, ఇరవై లోపు ఇద్దాం అని. పెద్దవాళ్లకు ఆ రెండో ఆట కనిపించదు.

తను ఏడ్చిన సందర్భాలు రెండు గుర్తున్నాయి. ఒకసారి ఎదుటి జట్టు బెంచ్ మీద పిల్లలు నవ్వారు. ఇంకోసారి ఎదుటి జట్టువాళ్లు జాలిపడి, మా అమ్మాయికి బంతి రాగానే ఇద్దరూ పక్కకు తప్పుకుని 'వెయ్యి, వెయ్యి' అన్నారు. బంతి బుట్టలో పడింది. జిమ్ అంతా చప్పట్లు. ఆ పాయింట్లు తనవి కావని తనకు తెలుసు. నవ్విన రోజు కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చింది.

గుంటూరు పాయింట్‌గార్డ్ గారు జాలి గురించి అన్నది అందుకే నాకు నూటికి నూరుపాళ్లు నిజమనిపిస్తుంది. రిఫరీ గారు చెప్పింది కూడా నిజం. మా పిల్లలకు ఎవరూ పాయింట్లు దానం చేయనక్కర్లేదు. సగం గీత దాటనిస్తే చాలు. అక్కడి నుంచి మమ్మల్ని ఎంత గట్టిగా ఆపినా మాకు ఫిర్యాదు లేదు.

కోర్టు పక్కన | శనివారం, రాత్రి 9:03

ఇర్వింగ్ అమ్మ గారూ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మాటల్లో ఇదే అన్నిటికంటే విలువైనది. మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

హైదరాబాద్ ఆఫ్‌స్పిన్ | ఆదివారం, ఉదయం 8:50

క్రికెట్‌వాణ్ని, అయినా ఒక సంగతి చెప్పాలనిపించింది. టెస్ట్ క్రికెట్‌లో కెప్టెన్‌కు ఇన్నింగ్స్ డిక్లేర్ చేసే హక్కు ఉంది. 1998లో పెషావర్‌లో మార్క్ టేలర్ 334 పరుగులతో నాటౌట్‌గా ఉండి, మర్నాడు బ్యాటింగ్‌కు రాకుండా డిక్లేర్ చేశాడు. ఒక్క పరుగు తీసుంటే బ్రాడ్‌మన్ అత్యధిక స్కోరు 334ను దాటేవాడు. బాస్కెట్‌బాల్‌లో 'ఇక చాలు' అనే వీలు నిబంధనల్లో లేదు. గడియారం అయిపోయేదాకా కోర్టులో ఉండాల్సిందే. ఆ లోటును కోచ్ తన బుద్ధితో పూడ్చుకోవాలి.

2019 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో అమెరికా థాయ్‌లాండ్ మీద 13–0తో గెలిచినప్పుడు కూడా ఇదే గొడవ. కానీ అక్కడ గోల్స్ తేడా గ్రూప్ స్థానాల్లో లెక్కకు వస్తుంది. పైగా ఇద్దరూ దేశం తరఫున ఆడే పెద్దవాళ్లు. దాన్నీ స్కూలు పిల్లల ఆటనూ ఒకే గాటన కట్టకూడదు.

హార్ట్‌ఫర్డ్ శ్రీ | ఆదివారం, ఉదయం 10:26

నిబంధనలతో దీన్ని అరికట్టవచ్చనుకునేవారికి మా కనెక్టికట్ అనుభవం పనికొస్తుంది. ఇక్కడ 2006లో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో యాభై పాయింట్లకు మించి గెలిస్తే కోచ్‌ను తర్వాతి ఆటకు దూరం పెట్టే నియమం తెచ్చారు. అంకె మీద గీత గీస్తే ఏమవుతుందో ఆలోచించండి. నలభై తొమ్మిది దాకా ఎంత క్రూరంగా ఆడినా తప్పు లేదు, యాభై దాటితే తప్పు. బెంచ్ మీది పిల్లాడు ఏడాదికి ఒకసారి బంతి అందుకుని గీత వైపు పరుగెడుతుంటే ఆగమని కోచ్ అరవాలి.

బాస్కెట్‌బాల్‌లోనూ మా రాష్ట్రం పేరు వార్తల్లోకి ఎక్కింది. 2022 జనవరిలో హామ్డెన్‌లోని సేక్రెడ్ హార్ట్ అకాడమీ అమ్మాయిలు లైమన్ హాల్ మీద 92–4తో గెలిచారు. ఆ స్కూలే తన కోచ్‌ను ఒక ఆటకు పక్కన పెట్టింది. అందులో నాకు నచ్చింది, పిల్లల్ని నిందించకుండా పెద్ద మనిషిని బాధ్యుణ్ని చేయడం. గుంటూరు పాయింట్‌గార్డ్ గారు కోరింది కూడా అదే అనుకుంటాను.

గుంటూరు పాయింట్‌గార్డ్ | ఆదివారం, ఉదయం 11:15

అవును, కోచ్‌ను అడగండి, పిల్లల జోలికి వెళ్లకండి. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

కానీ బెంచ్ సంగతి తేలలేదు. 2015లో కాలిఫోర్నియాలో అరోయో వ్యాలీ అమ్మాయిలు బ్లూమింగ్టన్‌ను 161–2తో ఓడించారు. సగానికి 104–1. రెండో సగంలో కోచ్ మొదటి ఐదుగురినీ కూర్చోబెట్టి బెంచ్ మీది పిల్లల్ని దింపాడు, ప్రెస్ కూడా తీసేశానన్నాడు. అయినా ఆ పిల్లలు ఇంకో 57 చేశారు. కోచ్‌కు రెండు ఆటల నిషేధం పడింది. సీజనంతా బెంచ్ మీద కూర్చున్న అమ్మాయికి ఒక రోజు పదహారు నిమిషాలు ఆడే అవకాశం వస్తే షాట్ వేయొద్దని చెప్పే నోరు నాకైతే లేదు.

ఎడిసన్ రిఫరీ | ఆదివారం, మధ్యాహ్నం 2:38

గుంటూరు పాయింట్‌గార్డ్ గారూ, రెండో సగం గురించి మీరన్నది న్యాయం. బెంచ్ పిల్లలు ఆడితే ఆడనివ్వాలి, వాళ్లు వేసిన షాట్లకు నేనూ లోపల్లోపల సంతోషిస్తాను. కానీ ఆ ఆట చెడింది రెండో సగంలో కాదు, మొదటి సగంలో. పదహారు నిమిషాల్లో 104 పాయింట్లంటే నిమిషానికి ఆరున్నర. ఎదుటివాళ్లను బంతి దాటించనిస్తే అంత వేగం కుదరదు. బంతి వాళ్ల బుట్ట దగ్గరే దొంగిలించి అక్కడికక్కడే వేస్తేనే ఆ లెక్క వస్తుంది. సగంలో 104 చేశాక బెంచ్‌ను దింపడం ఆలస్యమైన మర్యాద. ఆ పని మొదటి క్వార్టర్ చివర్లో చేసుంటే ఇవాళ మనం ఆ స్కూలు పేరు కూడా ఎత్తేవాళ్లం కాదు.

గడియారం సంగతి కూడా చెబుతాను. ఇక్కడ హైస్కూల్ ఆట అంటే ఎనిమిది నిమిషాల క్వార్టర్లు నాలుగు, 32 నిమిషాలు. మామూలుగా విజిల్ పడినప్పుడల్లా గడియారం ఆగుతుంది, అందుకే ఆట గంటన్నర సాగుతుంది. తేడా బాగా పెరిగాక గడియారాన్ని ఆపకుండా నడిపించే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉంది. హైస్కూల్ క్రీడా సంఘాల జాతీయ సమాఖ్య ఆ నిర్ణయాన్ని రాష్ట్రాలకే వదిలింది కాబట్టి ఎన్ని పాయింట్ల దగ్గర, ఏ క్వార్టర్ నుంచి అనేది చోటును బట్టి మారుతుంది. మంచి పద్ధతే. ఎవరినీ చిన్నబుచ్చకుండా ఆట తొందరగా ముగుస్తుంది. కానీ అది సాధారణంగా రెండో సగంలో గానీ మొదలవదు. మొదటి సగాన్ని కాపాడేది కోచ్ ఒక్కడే.

తిరుపతి వేణు | ఆదివారం, సాయంత్రం 5:09

చిన్న సందేహం. షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి గడువు పెట్టే గడియారం) ఉన్న చోట బంతి ఎక్కువసేపు తిప్పుకోలేరు కదా? అప్పుడు రిఫరీ గారు చెప్పిన నెమ్మది ఆట ఎలా కుదురుతుంది?

ఎడిసన్ రిఫరీ | ఆదివారం, సాయంత్రం 5:52

మంచి ప్రశ్న. 2022–23 సీజన్ నుంచి 35 సెకన్ల షాట్ క్లాక్ పెట్టుకునే వెసులుబాటు జాతీయ సమాఖ్య రాష్ట్రాలకు ఇచ్చింది, కొన్ని రాష్ట్రాల్లో అంతకుముందే ఉంది. 35 సెకన్లలో ముప్ఫై సెకన్లు చక్కగా పాసులు ఆడి షాట్ వేయవచ్చు. ప్రతిసారీ అలా వాడితే ఒక క్వార్టర్‌లో రెండు జట్లకూ కలిపి బంతి చేతులు మారేదే పదిహేను, ఇరవై సార్లు. అంతమాత్రానికే స్కోరు అదుపులో ఉంటుంది. పైగా షాట్ క్లాక్ ఉంటే ఎదుటివాళ్ల పరువు ఇంకా దక్కుతుంది. అది లేని చోట కొందరు కోచ్‌లు నిమిషాల తరబడి బంతి చుట్టూ తిప్పించి ఎదుటి పిల్లల్ని కోతుల్ని చేస్తారు. చూసేవాళ్లు ప్రతి పాసుకూ అరుస్తారు. దాన్ని మర్యాద అనుకోవడం పొరపాటు. ఇర్వింగ్ అమ్మ గారు చెప్పిన 'వెయ్యి, వెయ్యి' కంటే అది ఏమాత్రం మెరుగు కాదు.

కరీంనగర్ పీఈటీ | ఆదివారం, రాత్రి 9:30

ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. ఇక్కడి మాట కూడా కొంచెం వినండి.

మా పిల్లలకు ఉన్నది మట్టి కోర్టు, ఒకవైపే బుట్ట, దానికి వల లేదు. మండల స్థాయి పోటీలకు వెళితే ఎదురుగా సిమెంటు కోర్టు మీద, ఏడాది పొడవునా కోచ్ దగ్గర సాధన చేసే ప్రైవేటు స్కూలు జట్టు. డ్రాలో చీటీ ఎలా పడితే అలా ఆట. తేడా ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. నాకౌట్ కాబట్టి మా పిల్లలు పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఒక ఆట ఆడి, ఓడి, మధ్యాహ్నం అన్నం తిని తిరిగి వెళ్లిపోతారు. ఆ ఒక్క ఆటలోనూ బంతి తాకనివ్వకపోతే వాళ్లు వచ్చిందెందుకు?

అందుకే నాకు కోచ్‌ల మీద కంటే పోటీలు నిర్వహించేవాళ్ల మీద ఎక్కువ కోపం. డాలస్‌లో ఇరవై మంది అమ్మాయిలున్న స్కూలును అంత గట్టి జట్టుతో ఒకే చోట పెట్టిందెవరు? పెద్దవాళ్లే. బలాబలాలు చూసి రెండు అంచెలుగా విడదీస్తే, లేదా ఓడిన జట్లకు మధ్యాహ్నం ఇంకో ఆట పెడితే ఖర్చు పెద్దగా పెరగదు. ఒక ఏడాది మా దగ్గర నిర్వాహకులను ఒప్పించి మొదటి రౌండులో ఓడిన జట్లన్నిటికీ లీగ్ ఆడించాం. మా పిల్లలు అందులో ఒక ఆట గెలిచారు. ఆ కప్పు కూడా లేని గెలుపు కోసం తర్వాతి ఏడాది జట్టులోకి రెట్టింపు మంది వచ్చారు.

ఇర్వింగ్ అమ్మ | ఆదివారం, రాత్రి 9:58

మాస్టారూ, ఈ మాట మా లీగ్ వాళ్లకు కూడా రాసి పంపుతాను. ఓడిన జట్లకు రెండో ఆట అనే ఆలోచన ఇక్కడ ఎవరికీ తట్టలేదు.

ప్లేనో నాన్న | ఆదివారం, రాత్రి 10:35

అందరికీ కృతజ్ఞతలు. ప్రతి మాటా చదివాను, మా ఆవిడకూ చదివి వినిపించాను. అమ్మాయితో ఇవాళ మధ్యాహ్నం మాట్లాడాను. మందలించలేదు, స్టీల్స్ (బంతి లాక్కోవడాలు) బాగున్నాయనే చెప్పాను. బేస్‌లైన్ దగ్గర బంతి పట్టుకున్న అమ్మాయి గురించి మాత్రం అడిగాను. ఆ అమ్మాయి జెర్సీ నంబరు తనకు గుర్తుంది, నాకు లేదు.

రేపటి సమావేశంలో మాట ఎత్తుతాను. కానీ ఒక భయం. తండ్రి కోచ్‌కు ఆట నేర్పుతున్నాడనుకుంటే ఆ కోపం అమ్మాయి మీదికి మళ్లుతుందేమో. అందరి ముందూ అడగాలా, విడిగా కలవాలా?

ఎడిసన్ రిఫరీ | ఆదివారం, రాత్రి 11:01

విడిగా కలవండి. మంగళవారం మ్యాచ్‌ను తప్పుపట్టకండి, అది అయిపోయింది. ముందున్న ఆటల గురించి అడగండి: 'తేడా ఇరవై ఐదు దాటితే మన జట్టు ఏం చేస్తుంది? ప్రెస్ ఎప్పుడు తీస్తారు, బెంచ్ ఎప్పుడు దిగుతుంది?' అని. చాలామంది కోచ్‌ల దగ్గర దీనికి సిద్ధంగా జవాబు ఉండదు. ఆట వేడిలో ఉన్నప్పుడు ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి అలా సాగిపోతుంది. సీజన్ ముందే ఆ అంకె అనుకున్న కోచ్‌లను నేను చూశాను. వాళ్లు నోటితో ఏమీ చెప్పరు, పిడికిలి పైకెత్తితే పిల్లలు వెనక్కి వచ్చి జోన్‌లో నిలబడతారు.

తల్లిదండ్రుల చప్పట్ల సంగతి మాత్రం మీరే చూసుకోవాలి. అది కోచ్ చేతిలో లేదు.

గుంటూరు పాయింట్‌గార్డ్ | ఆదివారం, రాత్రి 11:19

విడిగా కలవడమే మేలు. వెళ్లేటప్పుడు అమ్మాయికి ముందే చెప్పి వెళ్లండి. తన కోచ్‌తో నాన్న ఏం మాట్లాడాడో తను వేరేవాళ్ల నోట వినకూడదు. ఎడమ చేతి లేఅప్ మాత్రం ఇప్పటి నుంచే సాధన చేయించండి, అది ఏ ఆటలోనైనా పనికొస్తుంది.